తోటలు చూడబోతే ఏం చూడాలి, ఏం రాసుకోవాలి? (హైదరాబాద్ పార్కులు, కడియం, విశాఖ)

మిద్దెమల్లె (హైదరాబాద్)
అందరికీ నమస్కారం. మాది 20×30 అడుగుల మిద్దె, పడమటి ఎండకు అడ్డేమీ లేదు. కింద తూర్పున 4 అడుగుల సందు ఉంది. బోరు నీళ్లే దిక్కు. ఈ డిసెంబర్‌లో ఊళ్లోని పార్కులు చూసి, సంక్రాంతికి కడియం వెళ్లి మొక్కలు తెచ్చుకోవాలని ఆలోచన. పార్కులకు వెళ్తే ఫొటోలు మిగులుతున్నాయి తప్ప వాటిలో ఏది మనింట్లో బతుకుతుందో తేలడం లేదు. ఎక్కడికి వెళ్లాలి, ఏం చూడాలి, ఏం రాసుకోవాలి?

ఎర్రమట్టి
మల్లె గారూ, గేటు దగ్గరి పూలమడి వదిలేసి గోడ మూలకు వెళ్లండి. స్ప్రింక్లర్ నీళ్లు అందని చోటు, మాలి పెద్దగా పట్టించుకోని చోటు. గేటు దగ్గరి పెటూనియా, బంతి అక్కడ పెరిగినవి కావు. నర్సరీలో మొగ్గ మీదకు వచ్చాక తెచ్చి గుచ్చుతారు, పూత అయిపోగానే పీకేస్తారు. వాటిని చూసి మిద్దె తోటకు ప్లాన్ వేసుకుంటే పెళ్లి పందిరి చూసి ఇల్లు కట్టుకున్నట్టే. మూలన ఎవరూ నీళ్లు పోయకపోయినా పచ్చగా ఉన్న దేవగన్నేరు, నందివర్ధనం, కాగితం పూల తీగ... మీ పడమటి మిద్దెకు పనికొచ్చే సమాచారం అక్కడుంది.

మొక్క ముందు నిలబడి రాసుకోవాల్సినవి: ఎండ ఎటు నుంచి ఎన్ని గంటలు పడుతోంది, నీళ్లు ఎలా వస్తున్నాయి (పైపా, డ్రిప్పా, వానేనా), మొదలు దగ్గర మట్టి రంగు, పాత కత్తిరింపు గాట్లు ఎంత ఎత్తున ఉన్నాయి, మొక్క ఎంత వెడల్పు పరుచుకుంది. చివరిది అందరూ మరిచిపోతారు. చెట్టు మొదలు నుంచి కొమ్మల అంచు వరకు అడుగులు వేసి లెక్కపెట్టండి. పన్నెండు అంగలు పడితే అటూ ఇటుగా 30 అడుగులు. గోడకు అంత దూరం లేకపోతే ఆ చెట్టు మీ పెరటిది కాదు, నర్సరీ కవర్లో ఎంత ముద్దుగా కనిపించినా సరే.

ఎండ సంగతి కొంచెం వివరంగా చెబుతాను, డిసెంబర్‌లో చూసి మోసపోయేది ఇక్కడే. హైదరాబాద్‌లో డిసెంబర్ మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు వాలి 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పదడుగుల గోడకు ఉత్తరం వైపు ఎనిమిదిన్నర అడుగుల నీడ పడుతుంది. మే నెలలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, అదే గోడకు మధ్యాహ్నం అడుగు నీడ కూడా రాదు. అంటే ఇప్పుడు గోడకు ఉత్తరాన నీడలో హాయిగా ఉన్న ఫెర్న్, ఆంథూరియం మేలో మాడిపోవచ్చు. ఫోన్‌లో దిక్సూచి తెరిచి ఉత్తరం ఎటో చూసుకుని, రాసుకునే ప్రతి మొక్క పక్కనా దిక్కు వేయండి. కుదిరితే అదే పార్కుకు మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఇంకోసారి వెళ్లండి. అరగంట చాలు, డిసెంబర్‌లో మూడుసార్లు తిరిగినా తెలియనిది తెలుస్తుంది.

చిగురుటాకు
ఫొటోల గురించి ఒక మాట. పువ్వు ఒక్కటే తీస్తే, ఫొటో చూసి మొక్క పేరు చెప్పే యాప్ చాలాసార్లు తప్పు పేరు చెబుతుంది. నాలుగు తీయండి: మొక్క మొత్తం (పక్కన గొడుగో చెప్పో ఉంచితే కొలత తెలుస్తుంది), ఆకు పై వైపు, ఆకు అడుగు వైపు, ఆకు కాడ కొమ్మకు అతుక్కున్న చోటు. పేరు బోర్డు ఉంటే ముందు దాన్ని తీసి తర్వాత మొక్కను తీయండి, ఇంటికొచ్చాక వరుస కలిసిపోదు. శాస్త్రీయ నామం రాసుకోవడం బద్ధకించొద్దు. ‘గన్నేరు’ అనగానే గన్నేరు, పచ్చ గన్నేరు, దేవగన్నేరు, బిళ్ళ గన్నేరు నాలుగూ వేరువేరు మొక్కలు, నాలుగింటి నీళ్ల అవసరమూ వేరు.

సీతాఫలం (జూబ్లీహిల్స్ వైపు)
హైదరాబాద్‌లో ఒక్కచోటే చూసే వీలుంటే నా ఓటు కేబీఆర్ పార్కుకు. పూలమడులు ఉండవు, అందుకే. బండరాళ్ల మధ్య, పలచటి ఎర్ర ఇసుక మట్టిలో, ఎవరూ ఎరువు వేయకుండా ఏ చెట్టు ఎలా నిలబడిందో కనిపిస్తుంది. 1998లో జాతీయ ఉద్యానవనం చేశారు కాబట్టి లోపల పెద్దగా మార్పులు లేవు. రాళ్ల సందుల్లో ఆకు చెత్త ఎంత మందాన పేరుకుందో చూడండి. రెండు మూడు అంగుళాల ఎండుటాకులు, దాని కింద తడి. మిద్దె మీద కుండీలకు మల్చింగ్ (మట్టి మీద ఎండుటాకులు పరచడం) ఎందుకో అక్కడ కళ్లకు కడుతుంది. నడకదారి పక్కన రాలిన గింజలు నాలుగు ఏరుకొస్తే ఇంట్లో మొలకెత్తించుకోవచ్చు కూడా.

నిర్వాహకులు
సీతాఫలం గారూ, ఆఖరి వాక్యం దయచేసి ఎవరూ పాటించొద్దు. జాతీయ ఉద్యానవనంలో గింజ, ఈక, ఎండిన పుల్ల, ఏదీ తీసుకురాకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడ వర్తిస్తుంది. మామూలు మున్సిపల్ పార్కులో రాలిన గింజకైనా అక్కడి మాలిని అడిగి తీసుకోవడం మర్యాద. కొమ్మ విరవడం ఎక్కడైనా తప్పే. అడిగితే చాలాచోట్ల కత్తిరింపు రోజు చెబుతారు, ఆ రోజు వెళ్తే చెత్తబండికి పోయే కొమ్మలే ఇస్తారు.

సీతాఫలం
నిజమే, పొరపాటు నాది. ఆ వాక్యం లేనట్టే చదవండి.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)
కడియం గురించి నేను రాస్తాను. ముందుగా, కడియం అంటే ఒక తోట కాదు. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, వీరవరం... ఊళ్లకు ఊళ్లే నర్సరీలు. జాతీయ రహదారి అంచున ఉన్నవి చూపుకు బాగుంటాయి, ధర అక్కడే ఎక్కువ. కాలవ గట్టు వెంట లోపలికి వెళ్లే కొద్దీ హోల్‌సేల్ రేట్లు. సంక్రాంతి మూడు రోజులూ జనం తిరనాళ్లలా ఉంటారు, పనివాళ్లు పండక్కి ఊళ్లకు పోతారు, మొక్క గురించి అడిగితే చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. పండగకు వారం ముందో, కనుమ వెళ్లాక నాలుగైదు రోజులకో రండి. చేమంతి, డాలియా, బంతి అప్పుడూ ఉంటాయి. కొత్త సంవత్సరానికి మొక్కలతో పేర్చే అక్షరాలు, బొమ్మలు చూడాలంటే మాత్రం జనవరి మొదటి వారమే.

అసలు విషయం మట్టి. ఇక్కడి కవరు మొక్కల్లో ఎక్కువ భాగం గోదావరి ఒండ్రు, నల్ల బంకమట్టి ముద్దలో ఉంటాయి. దూర ప్రయాణానికి ఆ ముద్ద చాలా మంచిది, విడిపోదు, తడి పట్టి ఉంచుతుంది. మీ కుండీలో ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మధ్య దాన్ని అలాగే దించితే అదే శత్రువు. పైన పోసిన నీళ్లు చుట్టూ ఉన్న వదులు మట్టిలోంచి జారి అడుగున పోతాయి, మధ్యలో ముద్ద ఎండి ఇటుకలా బిగుస్తుంది. కుండీ పైన తడి, కింద కన్నంలోంచి నీళ్లు, మొక్క మాత్రం వడలిపోతుంది. ‘రోజూ నీళ్లు పోస్తున్నా చచ్చిపోయింది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక కథ ఇదే. వేలు పైపైన గుచ్చి చూస్తే తెలియదు, కాండం పక్కన సన్నటి పుల్ల నాలుగంగుళాలు దింపి చూడాలి.

ఇలా చేయండి. కవరు కోయకముందే బకెట్ నీళ్లలో మునిగేలా పెట్టండి. బుడగలు ఆగేదాకా, అంటే పావుగంట, ఇరవై నిమిషాలు. తీసి అరగంట నీడలో పెట్టి నీళ్లు కారిపోనివ్వండి. కవరు నిలువుగా బ్లేడుతో కోసి, ముద్ద అంచు చుట్టూ అరంగుళం నుంచి అంగుళం మట్టిని వేళ్లతో రాల్చండి. మధ్య ముద్ద జోలికి పోవద్దు. అడుగున చుట్టలు చుట్టిన వేర్లు ఉంటే కొసలు కత్తిరించండి. కుండీ మిశ్రమం: ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కోకోపీట్ లేదా ముతక ఇసుక ఒక పాలు, పది అంగుళాల కుండీకి గుప్పెడు వేపపిండి. ముద్ద పైభాగం కుండీ మట్టికి సమానంగా ఉండాలి, కప్పిపెట్టకూడదు.

నల్లరేగడి
గోదారిగట్టు గారూ, బంకమట్టి అంత ఇబ్బందైతే ముద్ద మొత్తం పైపు కింద కడిగేసి కొత్త మట్టిలో పెడితే తీరిపోదా? అడీనియం అలాగే చేస్తే బాగా వస్తున్నాయి కదా.

గోదారిగట్టు
అడీనియానికి, దేవగన్నేరుకు పర్లేదు. అవి కాండంలో నీళ్లు దాచుకునే జాతులు, వేరు గాయం ఆరేదాకా నాలుగు రోజులు పొడిగా ఉంచి పెట్టినా తట్టుకుంటాయి. కాగితం పూలు, గార్డీనియా, మామిడి అంటు కడిగితే నూటికి ఎనభై పోతాయనే అనుకోండి. వాటి పనంతా ముద్దలోని సన్న వేర్లదే, కడిగితే ముందు తెగేవి అవే. ఎండాకాలంలో అయితే దేన్నీ కడగొద్దు.

మామిడి అంటు తీసుకునేటప్పుడు కొత్తపల్లి కొబ్బరా, బంగినపల్లా అని అడగడం కంటే ముందు అంటు కట్టిన చోటు చూడండి. కాండం మీద గంటులా, కాస్త వంకరగా ఉంటుంది. అది మట్టికి కనీసం ఆరంగుళాలు పైన ఉండాలి, ప్లాస్టిక్ టేపు ఇంకా బిగిసి ఉంటే ఇంటికెళ్లాక విప్పాలి, లేకపోతే కాండం నొక్కుకుపోతుంది. గంటు కింద నుంచి వచ్చే చిగురు వేరుమూలానిది, అంటే కింద ఉన్న నాటు మొక్కది, గోటితో గిల్లేయాలి. ఉంచితే రెండేళ్లకు మీ బంగినపల్లి పోయి పీచు మామిడి మిగులుతుంది. పూతతో, పిందెతో ఉన్న చిన్న అంటు చూసి ముచ్చటపడి కొనకండి. పిందె తుంచేసి తీసుకెళ్తానంటే సరే.

మిద్దెమల్లె
చాలా ఉపయోగం. మామిడి మిద్దె మీద పెట్టాలంటే ఎంత తొట్టి కావాలి? పడమటి మూలన పెట్టొచ్చా?

ఎర్రమట్టి
తొట్టి 2×2×2 అడుగులు కావాలి, అంటే ఎనిమిది క్యూబిక్ అడుగులు. తడిసిన మట్టి క్యూబిక్ అడుగు 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. మొత్తం 360 నుంచి 400 కిలోలు, చెట్టు బరువు కాక. స్లాబు మధ్యలో వద్దు, కింద పిల్లర్ ఉన్నచోట, లేదా బీము మీదుగా పెట్టాలి. తొట్టి కింద నాలుగు ఇటుకలు పెట్టి ఎత్తితే నీళ్లు నిలవవు, నాచు పట్టదు. పార్కులో బండరాళ్లు, గులకరాళ్లతో చేసిన ‘రాక్ గార్డెన్’ చూసి మిద్దె మీద చేద్దామనుకునేవాళ్లు కూడా ఈ లెక్క వేసుకోండి. గ్రానైట్ మట్టి కంటే బరువు.

బోరునీళ్లు
మీది బోరు నీళ్లన్నారు కాబట్టి: పార్కుల్లో నూరు వరహాల కంచె ఎక్కడ కనిపించినా లేతాకు రంగు చూడండి. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం నిమ్మపండు రంగుకు తిరిగితే అక్కడ నీళ్లో మట్టో సున్నం ఎక్కువది, మొక్కకు ఇనుము అందడం లేదు. ముదురాకు పచ్చగానే ఉంటుంది, లేతాకులోనే తేడా, అదే గుర్తు. (ముదురాకు ముందు పసుపైతే నత్రజని లోపం, అది వేరే సంగతి.) మీ ఇంట్లోనూ అదే జరుగుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం ఆకు మీద పిచికారి, వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు. కలిపిన నీళ్లు వెంటనే వాడేయాలి, నిలవ ఉంటే తుప్పు రంగుకు తిరిగి పని చేయదు. గచ్చు మీద పడితే మరక పోదు, కుండీ పక్కకు జరపండి. వానాకాలంలో పట్టిన వాన నీళ్లు డ్రమ్ములో దాచి నూరు వరహాలకు, గార్డీనియాకు ఆ నీళ్లే పోస్తే ఈ పిచికారీలు సగం తగ్గుతాయి.

అదే బోరు నీళ్లతో ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నవి కూడా రాసుకోండి: గన్నేరు, కాగితం పూలు, దేవగన్నేరు. కొనాల్సినవి అవి.

చిగురుటాకు
కాగితం పూల మీద చిన్న చేర్పు. రోడ్డు డివైడర్ మీద ఆకు కనిపించనంత పూస్తుంది, ఇంట్లో అదే రకం ఆకులేసుకుని కూర్చుంటుంది. ఎరువు తక్కువై కాదు, నీళ్లు ఎక్కువై. డివైడర్ మీదిది దగ్గరికెళ్లి చూస్తే మొదట్లో మట్టి నెర్రెలు, కొమ్మ కొసల్లో చిన్న చిన్న ఆకులు, ప్రతి ఆకు పంగలో పూమొగ్గ. పూత కొత్త కొమ్మ మీదే వస్తుంది. అందుకే పూత అయిపోగానే కొమ్మల్ని మూడో వంతు కత్తిరించి, కొత్త చిగురు జానెడు వచ్చేదాకా మామూలుగా నీళ్లు పోసి, ఆ తర్వాత ఆకు కొద్దిగా వాలేదాకా ఆపి పోస్తూ ఉండాలి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ లేకపోతే ఏం చేసినా పూయదు. మల్లె గారి పడమటి గోడకు దీనికి మించింది లేదు. తూర్పు సందులో మాత్రం పెట్టొద్దు.

ఉప్పుగాలి (విశాఖపట్నం)
తీరం వెంట ఉన్నవాళ్ల కోసం. ఇక్కడ ఎండకంటే ఉప్పు గాలి ముఖ్యం. బీచ్ రోడ్డులో నడుస్తూ ప్రతి చెట్టుకు సముద్రం వైపు ఆకు, లోపలి వైపు ఆకు పోల్చి చూడండి. అంచులు మాడి, సముద్రం వైపు కొమ్మలు గొడ్డుబోయి ఉంటే దాన్ని ఇంటి ముందు పెట్టకండి, ఇంటి వెనకైతే సరే. రెండు వైపులా ఒకేలా ఉండేవి పొన్న, బాదం, కొబ్బరి, సరుగుడు, దేవగన్నేరు. రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలోని జీవవైవిధ్య పార్కు చిన్నదే, కాని ఎడారి మొక్కలు, నీటి మొక్కలు, తీగలు విడివిడిగా ఉంటాయి కాబట్టి గంటలో బోలెడు పోల్చుకోవచ్చు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానుకు తురాయి, పచ్చ తురాయి లాంటివి విరిగి, కూలి పోయాయి. పైపైన పరుచుకునే వేర్లు, పెళుసు కొమ్మలు వాటివి. పార్కులో విరగబూసిన తురాయిని చూసి మురవండి, కారు నిలిపేచోట మాత్రం నాటకండి.

లాల్‌బాగ్‌దారి (బెంగళూరు)
ఇక్కడి తెలుగువాళ్ల తరఫున ఒక హెచ్చరిక. జనవరి, ఆగస్టుల్లో లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు ఆంధ్ర, తెలంగాణల నుంచి చాలామంది వచ్చి హైడ్రాంజియా, అజేలియా, ఫ్యూషియా పట్టుకెళ్తారు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అవి హైదరాబాద్ ఏప్రిల్‌ను కాస్తోకూస్తో తట్టుకున్నా విజయవాడ మే నెలకు ఆకు మిగలదు. అరకు పద్మాపురం తోటలో చూసిన వాటికీ ఇదే లెక్క, అరకు కూడా దాదాపు అంతే ఎత్తు. ఆ తోట 1942లో సైనికులకు కూరగాయలు పండించడానికి పెట్టింది, అక్కడ క్యారెట్, క్యాబేజీ ఎందుకు కుదిరాయో అనుకుంటే చలి సంగతి అర్థమవుతుంది.

లాల్‌బాగ్‌లో మైదాన ప్రాంతం వాళ్లు చూడాల్సింది గ్లాస్ హౌస్ కాదు, పాత చెట్లు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. చాలా చెట్లకు పేరు పలకలు ఉంటాయి. కవర్లో రెండడుగులున్నది వందేళ్లకు ఎంత అవుతుందో అక్కడ తెలుస్తుంది. ప్రదర్శన రోజుల్లో కాకుండా మామూలు రోజు ఉదయం ఏడింటికి వెళ్లండి.

మిద్దెమల్లె
సీతాకోకచిలుకల కోసం కూడా ఒక మూల చేద్దామని ఉంది. సంజీవయ్య పార్కులో ఏం గమనించాలి?

సీతాఫలం
పువ్వుల మీద వాలినదాన్ని కాదు, ఆకు కింద గుడ్డు పెట్టేదాన్ని వెంబడించండి. తేనె ఏ పువ్వులోనైనా తాగుతుంది, గుడ్డు మాత్రం తన మొక్క మీదే. నిమ్మ, కరివేపాకు ఒక జాతికి, జిల్లేడు ఒకదానికి, రణపాల ఇంకోదానికి. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య వెళ్లండి, ఎండ తగిలి రెక్కలు వేడెక్కితే గాని ఎగరవు. ఇంట్లో కరివేపాకు రెండు కుండీలు పెట్టండి, ఒకటి పురుగులకు, ఒకటి పప్పులోకి. పురుగు మొదట పక్షి రెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక ఆకుపచ్చ. అది చూసి మందు కొడితే ఇక సీతాకోకచిలుకలు లేనట్టే.

నల్లరేగడి
నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళా సంగతి ఎవరూ అనలేదు. రకాలన్నీ ఒకేచోట చూడ్డానికి బాగుంటుంది, కొనడానికి మొదటి రోజు వెళ్లాలి. చివరి రోజు ధర దిగుతుంది నిజమే, కాని అప్పటికి మొక్కలు టెంటు కింద చాలీచాలని వెలుతురులో రోజుల తరబడి ఉండి, వందమంది చేతుల్లో నలిగి ఉంటాయి. ఎక్కడ కొన్నా ఆకు కాడ పంగల్లో తెల్ల దూది, కాండం మీద చీమల వరుస ఉంటే అక్కడే వదిలేయండి. చీమలు కనిపించాయంటే చాలాసార్లు పిండినల్లి లాంటి పురుగు ఉన్నట్టే. ఇంటికి తెచ్చాక పాత మొక్కలకు దూరంగా రెండు వారాలు ఉంచండి. ఈలోపు కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రవం కలిపి సాయంత్రం ఆకు అడుగు వైపు కొట్టండి, అయిదో రోజున మళ్లీ.

మిద్దెమల్లె
ఆఖరి ప్రశ్న. కడియం నుంచి కారులో ఇరవై మొక్కలు, ఏడెనిమిది గంటల ప్రయాణం. ఎలా తేవాలి, వచ్చిన రోజే కుండీల్లో పెట్టేయాలా?

గోదారిగట్టు
పెట్టొద్దు. బయలుదేరే ముందు రోజు సాయంత్రం నీళ్లు పోయించండి, ఎక్కించే ముందు కాదు. అప్పటికప్పుడు పోస్తే ముద్ద మెత్తబడి దారిలో పగులుతుంది. కాండం పట్టుకుని ఎత్తనివ్వకండి, కవరు అడుగున చేయి వేయాలి. అట్టపెట్టెల్లో నిలబెట్టి సందుల్లో పాత పేపర్లు కుక్కండి. పొడుగు మొక్కల కొమ్మలు పైకి కలిపి గుడ్డ పీలికతో వదులుగా కట్టండి. కిటికీలు మూసి ఉంచండి, గాలికి ఎండిపోయినంత వేగంగా ఎండకు కూడా ఎండవు. ఎండలో కారు ఆపి భోజనానికి వెళ్తే మాత్రం అద్దాలు నాలుగు వేళ్లు దించి, నీడ చూసుకుని ఆపండి.

ఇంటికొచ్చాక మీ తూర్పు సందులో దించండి. ఇక్కడ చాలావరకు షేడ్ నెట్ కింద పెరిగినవే, నేరుగా మిద్దె ఎక్కిస్తే ఆకు తెల్లగా కాలుతుంది. మొదటి మూడు రోజులు నీడ, తర్వాత ఉదయపు ఎండ గంట, రెండు రోజులకో గంట పెంచుకుంటూ పది రోజులు. మందారం మొగ్గలు, ఫైకస్ ఆకులు కొన్ని రాలతాయి, కంగారుపడి ఎరువు వేయకండి. కొత్త చిగురు కనిపించిన మొక్కను ముందు కుండీకి మార్చండి, కనిపించనిది ఇంకో వారం అలాగే ఉంచండి.